పాస్‌వర్డ్ మార్చాను, మారలేదేంటి మాస్టారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిది ఒకటే గోల: "నేను మార్చాను, అది మారలేదు." ఊళ్ళు వేరు, మెషీన్లు వేరు, జబ్బులు మాత్రం దగ్గరి చుట్టాలు. అందుకని సెల్‌ఫోన్ ప్రశ్నలన్నీ వచ్చే నెలకి తోసేసి వీటితోనే కూర్చున్నాను. ఫోన్ల వాళ్ళు కోప్పడకండి.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది అంబాజీపేట. కొబ్బరికాయల కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తాను. మా సాఫ్ట్‌వేర్ పాతకాలందండి, నల్ల స్క్రీన్ మీద అక్షరాలు తప్ప బొమ్మలుండవు. సర్వరు కాకినాడ ఆఫీసులో ఉంటుంది. మేం ఇక్కణ్ణుంచి టెరా టెర్మ్‌తో దాంట్లోకి వెళ్తాం. నాకంటే ముందు చేసిన అబ్బాయి ఒక మాక్రో రాసిపెట్టి వెళ్ళాడు. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే యూజర్ పేరు, పాస్‌వర్డ్, మెనూలో 4, ఆ తర్వాత 2, అన్నీ అదే కొట్టుకుని తిన్నగా కాయల ఎంట్రీ దగ్గర కూర్చోబెడుతుంది. పాస్‌వర్డ్ 45 రోజులకోసారి మార్చాలి, మా చెట్ల దింపులాగే. ఈసారి మార్చాక మాక్రో ఫైలు తెరిచి పాతది చెరిపి కొత్తది రాశాను. అయినా పాతదే వెళ్తోంది. మూడుసార్లు తప్పు పడి అకౌంట్ లాకయిపోయింది. కాకినాడ వాళ్ళు తీశారు. మర్నాడు మళ్ళీ లాకు. ఫైలు తెరిచి చూస్తే కొత్త పాస్‌వర్డే కనిపిస్తోందండి! మా షావుకారుగారు వైరసంటున్నారు. నాకు టెన్షన్‌తో అన్నం సయించడం లేదు.
- ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: వైరస్ కాదమ్మా, కడుపునిండా తినండి. ఉత్తరం కింద నంబరిచ్చారు కాబట్టి ఫోన్ చేసి, ఆ ఫైలు తెరిచి స్క్రీన్‌ని ఫొటో తీసి పంపమన్నాను, పాస్‌వర్డ్ ఉన్నచోట వేలు అడ్డం పెట్టి. మీరు వేలు పెట్టడం మర్చిపోయారు. అందుకే ముందు కాకినాడకి చెప్పి ఇంకోసారి పాస్‌వర్డ్ మార్పించుకోమని పోరాను. నాకు కావలసింది మాత్రం ఆ ఫొటోలో దొరికింది.

మీరు వాడుతున్నది నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. పైన ట్యాబు మీద ఫైలు పేరు పక్కన గోరంత ఫ్లాపీ బొమ్మ ఉంటుంది. సేవ్ అయిన ఫైలుకి అది నీలంగా ఉంటుంది. మీ ఫొటోలో ఎర్రగా ఉంది. అంటే మీరు రాశారు గానీ సేవ్ కొట్టలేదు.

"కొట్టకుండా మూసేస్తే అది అడగాలి కదండీ" అన్నారు. పాత నోట్‌ప్యాడ్ అయితే అడిగేది. ఇది అడగదు. మనం రాస్తున్నదాన్ని 7 సెకన్లకోసారి వేరే ఫోల్డర్‌లో కాపీ తీసి దాచుకుంటుంది. మనం ఏ సెట్టింగూ ముట్టుకోకపోయినా ఈ ఏర్పాటు పనిచేస్తూనే ఉంటుంది. కరెంటు పోయినా రాసింది పోకూడదని పెట్టారు. మంచిదే. కానీ ఆ ధైర్యంతోనే, ప్రోగ్రాం మూసేటప్పుడు సేవ్ చేయమంటారా అని అడక్కుండా మూసుకుంటుంది. మళ్ళీ తెరవగానే ఆ దాచిన కాపీనే తెచ్చి మీ ముందు పెడుతుంది. మీరు రోజూ చూసి మురుస్తున్నది ఆ కాపీని. టెరా టెర్మ్ చదువుతున్నది డిస్కు మీదున్న అసలు ఫైలుని. మీ కళ్ళకి కొత్త పాస్‌వర్డు, సర్వరుకి పాత పాస్‌వర్డు. విండోస్ 11లో వచ్చే మామూలు నోట్‌ప్యాడ్ కూడా ఈమధ్య ఇదే అలవాటు నేర్చుకుంది, కాబట్టి ఇది మీ ఒక్కరి బాధ కాదు.

కంట్రోల్, ఎస్ కలిపి నొక్కండి. ఫ్లాపీ నీలంగా మారిందా, సగం పని అయింది. నమ్మకం కుదరకపోతే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో మోడిఫైడ్ అన్నచోట తేదీ, టైమూ చూడండి. పోయిన నెల తేదీ ఉంటే మీరు మార్చింది ఆ ఫైలుని కాదు. ఆ తర్వాత డెస్క్‌టాప్ మీద మీరు నొక్కే ఐకాన్‌కి కూడా ప్రాపర్టీస్ చూడండి. టార్గెట్ అన్న పెట్టెలో ఏ ఫోల్డర్ పేరుందో, మీరు తెరిచిన ఫైలు అదే ఫోల్డర్‌లో ఉందో లేదో. ముందు పనిచేసిన కుర్రాళ్ళు డీ డ్రైవ్‌లో ఒకటి, డాక్యుమెంట్స్‌లో ఒకటి, "కొత్తది" అని ఒకటి, "కొత్తది ఫైనల్" అని ఒకటి పెట్టి వెళ్తుంటారు. నేను చూసిన కొట్ల లెక్కన చెప్తున్నాను.

మరో సంగతి. ఫైలు మీ దగ్గర తెరిచి ఉండగా వేరే మెషీన్ నుంచో వేరే ప్రోగ్రాం నుంచో ఎవరైనా దాన్ని మారిస్తే, "ఈ ఫైలు మారింది, మళ్ళీ లోడ్ చేయమంటారా" అని అడుగుతుంది. జనం కంగారులో నో కొడతారు. ఆ తర్వాత అలవాటుగా సేవ్ కొడతారు. దాంతో అవతలివాళ్ళు పెట్టిన కొత్తదాని మీద వీళ్ళ పాతది వచ్చి కూర్చుంటుంది.

మీ ప్రశ్న ఇక్కడితో తీరింది. నా గొడవ ఇప్పుడు మొదలవుతుంది.

ఆ ఫొటోలో సెండ్‌ఎల్‌ఎన్ అన్న మాట పక్కన, కొటేషన్ గుర్తుల మధ్య, మీ పాస్‌వర్డ్ పెళ్ళికార్డు మీద పెళ్ళికూతురి పేరులా ఉందమ్మా. మాక్రో ఫైలంటే ఉత్త టెక్స్ట్. నోట్‌ప్యాడ్ తెరవడం వచ్చిన ఎవరైనా చదవొచ్చు. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే పాస్‌వర్డూ వెళ్తుంది, మెయిల్లో పంపితే మెయిల్లోనూ ఉంటుంది, డ్రైవ్‌లో బ్యాకప్ పెడితే అక్కడా ఉంటుంది. ఇప్పుడు చెప్పిన ఆ 7 సెకన్ల కాపీ కూడా ఉంది చూశారూ, అది యాప్‌డేటాలో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఫోల్డర్ కింద బ్యాకప్ అన్నచోట ఉంటుంది. ఫైలు పేరు, దాని వెనక తేదీ, టైము. సేవ్ చేస్తే మామూలుగా ఆ కాపీ పోతుంది. కానీ ఇన్నాళ్ళూ మీ కొత్త పాస్‌వర్డ్ పడుకున్నది అక్కడే. అసలు ఫైలు ఒకటే జాగ్రత్త చేస్తే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

"స్క్రీన్ మీద పాస్‌వర్డ్ కనపడదు కదా" అని చాలామంది ధీమా. అక్కడే పొరపాటు. లాగిన్ దగ్గర మనం కొట్టిన అక్షరాలు కనిపించకపోవడానికి కారణం అవతలి సర్వరు వాటిని తిరిగి చూపించకపోవడం. మాక్రో మాత్రం ఇవతల, మీ కీబోర్డు వైపున ఉంటుంది. దానికి దాపరికం తెలియదు. కొన్ని టెర్మినల్ ప్రోగ్రాముల్లో మాక్రో రాయక్కర్లేదు, రికార్డ్ బటన్ నొక్కి ఒకసారి పని చేసి చూపిస్తే అదే నేర్చుకుంటుంది. అలా నేర్చుకునేటప్పుడు పాస్‌వర్డ్‌ని కూడా మామూలు మాటలాగే నేర్చుకునేవి ఉన్నాయి. రికార్డు చేశాక ఫైలు తెరిచి ఒకసారి చదువుకోండి, ఏం నేర్చుకుందో.

ఇంకో ప్రమాదం, దీన్ని ఎవరూ చెప్పరు. మీ మాక్రోలో వెయిట్ అనే ఆజ్ఞ ఉంటుంది. పాస్‌వర్డ్ అడిగే మాట స్క్రీన్ మీద వచ్చేదాకా ఆగమని దానర్థం. పైన ఎక్కడో టైమౌట్ అని ఒక అంకె ఉంటే, అన్ని సెకన్లు చూసి ఇక లాభం లేదని తర్వాతి లైనుకి వెళ్ళిపోతుంది. తర్వాతి లైనులో ఉన్నది పాస్‌వర్డ్. నెట్ నిదానంగా ఉన్న రోజున ఏమవుతుంది? యూజర్ పేరు అడిగే చోట పాస్‌వర్డ్ వెళ్ళి పడుతుంది. అక్కడ అక్షరాలు దాచరు, కాబట్టి స్క్రీన్ మీద నిక్షేపంగా కనిపిస్తుంది. మీరు టెరా టెర్మ్‌లో లాగ్ ఆన్ చేసుంటే అందులోకీ ఎక్కుతుంది. సర్వరేమో "ఫలానా పేరుగల యూజర్ ఎవరూ లేరు" అని తన లాగ్‌లో రాసుకుంటుంది, ఆ ఫలానా పేరు మీ పాస్‌వర్డే! వెయిట్ తర్వాత రిజల్ట్ సున్నా వచ్చిందేమో చూసి, వస్తే మాక్రోని అక్కడే ఆపేయాలి. మీ ముందు పనిచేసిన అబ్బాయి రాసినదాంట్లో ఆ చూడటం లేదు. మంచివాడే అయ్యుంటాడు, తొందరలో ఉండుంటాడు.

ఆయన్ని అనడానికి నాకేం అర్హత ఉందిలెండి. 2003లో నేను కాకినాడలో ఒక కంపెనీలో యూనిక్స్ ఆపరేటర్ని. కంపెనీ పేరెందుకు, తప్పు నాది. రోజూ రాత్రి పదకొండున్నరకి బ్యాకప్ టేపు పెట్టి ఇంటికెళ్ళాలి. ఆఖరి బస్సు పోతుందని రూట్ పాస్‌వర్డ్‌తో, అంటే సర్వరు మొత్తం మీద పెత్తనమిచ్చే పాస్‌వర్డ్‌తో సహా మాక్రోలో రాసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను. రెండేళ్ళ తర్వాత పాత కంప్యూటర్లు అమ్మేశారు. ఇంకో ఏడాదికి పాలకొల్లులో నా ట్రైనింగ్ సెంటర్‌లో చేరిన ఒక కుర్రాడు, "సార్, నేను కొన్న సెకండ్‌హ్యాండ్ సిస్టంలో ఒక విచిత్రమైన ఫైలుందండి" అని ప్రింటు తీసుకొచ్చాడు. నాలుగో లైనులో మా అమ్మాయి ముద్దుపేరు, పుట్టిన సంవత్సరం. ఆ పాస్‌వర్డే నేను బ్యాంకుకీ, మెయిలుకీ అన్నిటికీ వాడుతున్నాను. ఆ పూట క్లాసు సరిగ్గా చెప్పలేదు.

మరేం చేయాలంటే, మాక్రోని మానేయక్కర్లేదు. మెనూలో 4, 2 కొట్టే చాకిరీ దానికే వదిలేయండి. పాస్‌వర్డ్ లైను ఒక్కటి తీసేసి ఆ చోట పాస్‌వర్డ్‌బాక్స్ అనే ఆజ్ఞ పెట్టించండి. అప్పుడు మాక్రో అక్కడిదాకా వచ్చి చిన్న పెట్టె తెరిచి అడుగుతుంది. మీరు కొడతారు, చుక్కలు కనిపిస్తాయి, అది సర్వరుకి పంపి తన పని చూసుకుంటుంది. ఫైల్లో ఏమీ మిగలదు. రోజుకి ఒకసారి పది అక్షరాలు, కాయలు లెక్కపెట్టేవాళ్ళకి అదో లెక్కా?

గెట్‌పాస్‌వర్డ్ అని ఇంకోటుంది. మొదటిసారి అడిగి, వేరే ఫైల్లో మార్చి రాసుకుని, తర్వాత నుంచి అడగదు. చదివితే అర్థం కాదు గనక చాలా బాగుందనిపిస్తుంది. కానీ ఆ మార్చి రాయడం గట్టి ఎన్‌క్రిప్షన్ కాదు. పైగా మాక్రో, ఆ ఫైలు రెండూ ఎత్తుకెళ్ళినవాడికి పాస్‌వర్డ్ చదవాల్సిన పనే లేదు, డబుల్ క్లిక్ చేస్తే చాలు. ఇది వాడేవాళ్ళకి మీ జబ్బే వేరే రూపంలో వస్తుంది. సర్వరులో పాస్‌వర్డ్ మార్చి, మాక్రో అంతా వెతుకుతారు, ఎక్కడా కనిపించదు. అది పక్క ఫైల్లో పాతదే పట్టుకుని కూర్చుని ఉంటుంది. టెరా టెర్మ్ ఐదో తరం వెర్షన్లలో గట్టి ఎన్‌క్రిప్షన్‌తో గెట్‌పాస్‌వర్డ్2 అని వచ్చింది. దానికి ఇంకో రహస్యపు మాట ఇవ్వాలి. ఆ మాట తీసుకెళ్ళి అదే మాక్రోలో రాశారంటే ఇనప్పెట్టెకి తాళం వేసి చెవిని దానికే వేలాడదీసినట్టు.

చివరగా కాకినాడ వాళ్ళని ఒక్క మాటడగండి, మనం కనెక్టయ్యేది టెల్‌నెట్టా, ఎస్‌ఎస్‌హెచ్చా అని. లేదా టెరా టెర్మ్ తెరవగానే వచ్చే పెట్టెలో పోర్టు నంబరు చూడండి. మామూలుగా 22 ఉంటే ఎస్‌ఎస్‌హెచ్, అంటే దారిలో ఎవరూ చదవకుండా కవర్లో పెట్టి అంటించి పంపినట్టు. 23 ఉంటే టెల్‌నెట్, అంటే అంబాజీపేట నుంచి కాకినాడ దాకా మీ పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద వెళ్తోంది. అప్పుడు మాక్రోలో దాచినా దాచకపోయినా ఒకటే. దాన్ని మార్చాల్సింది వాళ్ళు, మీ మీద అరవడం కాదు.

ప్రశ్న: సార్, నేను భీమవరంలో చిన్న కంపెనీలో ట్రైనీని. టెరా టెర్మ్ కాదు, పుట్టీ వాడతాను. డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లో సర్వర్ పేరు తర్వాత హైఫన్ పీడబ్ల్యూ అని పెట్టి పాస్‌వర్డ్ ఇచ్చాను. క్లిక్ చేస్తే లోపలికి వెళ్ళిపోతోంది. మాక్రో ఫైలే లేదు కాబట్టి ఇది సేఫే కదా?
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: కాదు తమ్ముడూ. ఆ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడు, టార్గెట్ పెట్టెలో పాస్‌వర్డ్ నిన్ను పలకరిస్తుంది. పుట్టీ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి డీటెయిల్స్‌లో కమాండ్ లైన్ అనే కాలమ్ ఆన్ చేసి చూడు, అక్కడా పలకరిస్తుంది. పుట్టీలో సెషన్ సేవ్ చేసుకుంటే సర్వర్ పేరు, పోర్టు, రంగులు అన్నీ రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగులు దాచుకునే చోట, దాస్తుంది గానీ లాగిన్ పాస్‌వర్డ్ దాచే పెట్టె ఎక్కడా లేదు. మర్చిపోయి కాదు, దాన్ని రాసిన సైమన్ టాథమ్ బృందం కావాలనే పెట్టలేదు. నువ్వు దొడ్డిదారి కనిపెట్టావు. 2022లో వచ్చిన 0.77 వెర్షన్ నుంచి పీడబ్ల్యూఫైల్ అని ఇంకో ఆప్షన్ ఉంది, పాస్‌వర్డ్‌ని ఫైల్లోంచి చదువుతుంది. కమాండ్ లైన్లో కనిపించదు, కానీ ఆ ఫైలు మళ్ళీ ఉత్త టెక్స్టే.

నువ్వు చేయాల్సింది వేరే. పుట్టీతోపాటే వచ్చే పుట్టీజెన్ తెరిచి తాళం జత చేసుకో, పాస్‌వర్డ్ బదులు ఆ జతని చూసి సర్వరు లోపలికి రానిస్తుంది. పబ్లిక్ తాళాన్ని సర్వరులో ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో పెట్టించు. ప్రైవేటుది నీ దగ్గరే, దానికి పాస్‌ఫ్రేజ్, అంటే ఆ తాళానికే ఒక పాస్‌వర్డ్, తప్పకుండా పెట్టు. పొద్దున్న ఆఫీసుకి రాగానే పేజెంట్ అనే పుట్టీవాళ్ళ ప్రోగ్రాంలో ఆ తాళం ఎక్కించి ఒకసారి పాస్‌ఫ్రేజ్ కొడితే సాయంత్రం దాకా ఎన్ని కిటికీలు తెరిచినా అడగదు. టీకి వెళ్ళేటప్పుడు మాత్రం స్క్రీన్ లాక్ చెయ్యి.

ప్రశ్న: అయ్యా, నేను మండపేట చుట్టుపక్కల రైసుమిల్లుల్లో కంప్యూటర్లు చూస్తుంటాను. ఒక మిల్లులో లారీ కాటా దగ్గర పాత టెర్మినల్ ప్రోగ్రాం ఒకటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దాని స్క్రిప్టు ఫైలు ఉంది, అందులో సర్వర్ అడ్రసూ పాస్‌వర్డూ ఉంటాయి. సర్వర్ మారిందని అడ్మిన్‌గా లాగినై ఆ ఫైలు మార్చి సేవ్ చేశాను. నా లాగిన్‌లో ప్రోగ్రాం కొత్త సర్వర్‌కే వెళ్తోంది. కాటా గుమాస్తా లాగిన్‌లో పాత సర్వర్‌కే వెళ్తోంది. విచిత్రమేంటంటే గుమాస్తా లాగిన్‌లోనే నోట్‌ప్యాడ్‌తో ఆ ఫైలు తెరిస్తే కొత్త అడ్రసే ఉందండి. రెండుసార్లు సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశాను. లాభం లేదు. బయట లారీలు నిలబడిపోతున్నాయి.
- ఒక పాఠకుడు, మండపేట

జవాబు: మీరు సేవ్ చేశారు, ఫ్లాపీ నీలంగానే ఉంది, ఫైలూ సరైందే. అయినా పాతదే. ఈ ఉత్తరం చదివి నాకు ముచ్చటేసింది, ఎందుకంటే ఇలాంటిదే పట్టుకోవడానికి నాకు ఒకప్పుడు మూడు రోజులు పట్టింది.

విండోస్ విస్టా దాకా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఎవరు పడితే వాళ్ళు రాసే పద్ధతి నడిచిపోయింది, జనమంతా అడ్మిన్‌గానే లాగినయ్యేవారు కాబట్టి. విస్టాలో ఆ తలుపు మూశారు. మరి పాత ప్రోగ్రాములు చచ్చిపోకూడదుగా? అందుకని ఒక మాయ పెట్టారు. మామూలు యూజర్ లాగిన్‌లో నడిచే పాత 32 బిట్ ప్రోగ్రాం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, విండోస్ వద్దనకుండా, ఆ రాతని గుట్టుగా ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లోకి మళ్ళిస్తుంది. ఆ తర్వాత అదే ప్రోగ్రాం ఆ ఫైలు చదవబోతే ముందు ఈ సొంత కాపీనే ఇస్తుంది. ప్రోగ్రాముకి తేడా తెలియదు. నోట్‌ప్యాడ్ లాంటి కొత్త ప్రోగ్రాములకి ఈ మాయ వర్తించదు, అవి అసలు ఫైలునే చూస్తాయి. మీ గుమాస్తా ఎప్పుడో ఒకనాడు ఆ ప్రోగ్రాం లోపల్నుంచే స్క్రిప్టు మార్చి సేవ్ కొట్టుంటాడు. ఆరోజు పుట్టిన కాపీ అది.

వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలువ కట్టేశాక కూడా మన శివారు బోదెల్లో కొన్నాళ్ళు నీళ్ళు నిలిచే ఉంటాయి. బోదెలో నీళ్ళు చూసి కాలువ వస్తోందనుకుంటే ఎంత తప్పో, హెడ్ స్లూయిస్ దగ్గర మార్చేశాం కదా చివరిదాకా మారిపోయుంటుందనుకోవడమూ అంతే తప్పు. మీరు ధవళేశ్వరంలో ఉన్నారు, కాటా గుమాస్తా శివారులో ఉన్నాడు.

ఎక్కడ చూడాలంటే, సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో గుమాస్తా లాగిన్ పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. యాప్‌డేటా దాగి ఉంటుంది, ముందు హిడెన్ ఐటమ్స్ కనిపించేలా పెట్టుకోండి. వర్చువల్‌స్టోర్ లోపల మళ్ళీ ప్రోగ్రామ్ ఫైల్స్ అని కనిపిస్తుంది, అందులో మీ ప్రోగ్రాం ఫోల్డర్, అందులో పాత స్క్రిప్టు. ప్రోగ్రాం మూసి, ఆ కాపీ పేరు మార్చి, మళ్ళీ తెరవండి. కొత్త సర్వర్‌కి వెళ్తుంది. పని కుదిరాక పేరు మార్చినదాన్ని తీసేయండి, అందులో పాస్‌వర్డ్ ఉంది. ఆ మెషీన్ మీద ఇంతకుముందు పనిచేసిన గుమాస్తాల లాగిన్లు ఉంటే వాళ్ళ వర్చువల్‌స్టోర్లు కూడా చూడండి, ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్ తీసి వేసినా ఇవి పోవు, మీ రెండుసార్ల శ్రమ అందుకే వృథా అయింది.

అనుమానం వస్తే టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్ళి యూఏసీ వర్చువలైజేషన్ అనే కాలమ్ ఆన్ చేయండి. మీ ప్రోగ్రాం ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉంటే దొంగ దొరికినట్టే. కొందరు "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టేస్తే పోతుంది" అని సలహా ఇస్తారు. నిజమే, పోతుంది. కానీ కాటా దగ్గర కూర్చునేవాళ్ళకి అడ్మిన్ హక్కులివ్వడం నాకిష్టం లేదు. ఆ స్క్రిప్టుని ప్రోగ్రామ్ ఫైల్స్ బయట వేరే ఫోల్డర్‌లో పెట్టుకోనిస్తుందేమో ప్రోగ్రాం సెట్టింగ్స్‌లో చూడండి.

ప్రశ్న: సార్, అమలాపురం నుంచి రాస్తున్నాను, డిగ్రీ అయింది, లినక్స్ నేర్చుకుంటున్నాను. సర్వర్లో విమ్ అనే ఎడిటర్‌తో ఫైలు మారుస్తుంటే కరెంటు పోయింది. మళ్ళీ తెరిస్తే స్వాప్ ఫైలు ఉందని పెద్ద హెచ్చరిక, ఓ, ఈ, ఆర్, డీ, క్యూ, ఏ అని అక్షరాలు. భయమేసి రోజూ ఈ కొట్టి లోపలికి వెళ్తున్నాను. తప్పా?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: భయం వల్ల తప్పు అక్షరం అలవాటైందమ్మా. ఈ అంటే "ఏమైతే అది అయింది, రాస్తాను" అని. స్వాప్ ఫైలంటే మీరు రాస్తుండగా విమ్ పక్కన దాచుకునే కాపీ. ఆ హెచ్చరిక పైభాగం చదవండి. స్వాప్ ఫైలు తేదీ, ఎవరు తెరిచారు, ప్రాసెస్ నంబరు అన్నీ ఉంటాయి. నంబరు పక్కన "స్టిల్ రన్నింగ్" అని ఉంటే ఆ ఫైలు ఇంకా ఎక్కడో తెరిచే ఉంది. మీరే ఇంకో కిటికీలో తెరిచి ఉండొచ్చు, లేదా పక్కవాళ్ళు. అప్పుడు క్యూ కొట్టి బయటికొచ్చేయండి. అది లేకపోతే మీ కరెంటు కథే. ఆర్ కొట్టండి, పోయిన మార్పులు తిరిగొస్తాయి. వెంటనే అసలు ఫైలు మీద సేవ్ చేయకుండా వేరే పేరుతో సేవ్ చేసి, రెండు ఫైళ్ళ తేడా చూపే డిఫ్ అనే ఆజ్ఞతో అసలుదానితో పోల్చి చూడండి. మీరు ఈ కొట్టి రోజూ మార్చారు కాబట్టి, ఇప్పుడు స్వాప్‌లో ఉన్నది అసలు ఫైలుకంటే పాతదయ్యుంటుంది. అలా అయితే అసలు ఫైలు తేదీ పక్కన స్వాప్ ఫైలుకంటే కొత్తదని విమ్ చెప్తుంది కూడా, పెద్ద అక్షరాల్లో. కావలసింది ఏరుకున్నాక స్వాప్ ఫైలుని మీరే తీసేయాలి. రికవర్ చేసినంత మాత్రాన అది పోదు, రోజూ హెచ్చరిక రావడానికి అదే కారణం. చుక్కతో మొదలయ్యే పేరు కాబట్టి ఎల్ఎస్ కొడితే కనిపించదు, ఎల్ఎస్ హైఫన్ ఏ కొట్టాలి. మీరు మారుస్తున్న ఫైల్లో పాస్‌వర్డ్ ఉంటే ఆ స్వాప్‌లోనూ ఉన్నట్టే.

ప్రశ్న: రాజోలు నుంచి రిటైరైన టీచర్నండి. ఈ మాక్రోలూ అవీ నాకు తెలియవు. పెన్షనూ, కరెంటు బిల్లూ, మెయిలూ కలిపి తొమ్మిది పాస్‌వర్డులున్నాయి. మా పంచాంగం వెనక ఖాళీ పేజీలో రాసుకున్నాను. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్లో కేకలేస్తున్నాడు. కాగితం మీద రాయడం అంత తప్పా?
- ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీ అబ్బాయితో నేను సగమే ఏకీభవిస్తానండి. ఎక్కడో దూరాన కూర్చున్న దొంగ మీ బీరువాలోని కాగితాన్ని నెట్‌లోంచి లాగలేడు. తొమ్మిదింటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకోవడం కంటే తొమ్మిది వేర్వేరు పెట్టుకుని చిన్న పుస్తకంలో రాసి తాళం వేసుకోవడం ఎంతో నయం. బ్యాంకుదీ, మెయిలుదీ మాత్రం పూర్తిగా రాయకండి, మీకొక్కరికే తెలిసిన రెండక్షరాలు వదిలేయండి. కంప్యూటర్ మీద చేయి తిరిగితే పాస్‌వర్డులన్నీ ఒకచోట తాళం వేసి దాచే కీపాస్ లాంటి ప్రోగ్రాం ఉంది, ఉచితమే, మీ అబ్బాయి ఈసారి పండక్కి వచ్చినప్పుడు వేసి నేర్పమనండి. కేకలకంటే అది ఉపయోగం.

పంచాంగం మాత్రం వద్దు. ఉగాదికి కొత్తది రాగానే పాతది పాత పేపర్లవాడికి వేసేస్తాం. మా ఇంట్లోది 2011లో అలాగే వెళ్ళింది. ఆ నెల్లోనే సంతలో కొన్న పకోడీల పొట్లం విప్పితే మా ఆవిడ రాసిన పాలవాడి లెక్క బయటపడింది.